క్వారీల దగ్గర బావుల, బోర్ల నీటిని గమనించడం

బొగ్గు గనుల దగ్గర నీటిలో సల్ఫేటు, ఇనుము చూస్తారు. మన పల్నాడులో ఉన్నది సున్నపురాయి. క్వారీ లోతుకు దిగి ఊటనీటిని తోడేస్తుంటే చుట్టుపక్కల బావుల మట్టం పడిపోవచ్చు. పెదకూరపాడు మండలంలోనైనా మీ పొలం దగ్గర క్వారీ ఉంటే ఇప్పటి నుంచే లెక్క రాసుకోండి. లెక్క లేకపోతే, నీరు తగ్గింది వానలు లేకనా, క్వారీ వల్లనా అన్నది తేలదు.

కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి నాలుగుసార్లు మట్టం కొలుస్తుంది. మీరు నెలకోసారి కొలవండి. తెల్లవారుజామున, మోటారు వేయకముందు, బరువు కట్టిన తాడును ఎప్పుడూ ఒకే చోటు నుంచి దించి మీటర్లలో రాయండి. క్వారీకి దూరంగా ఉన్న ఒక బావిని కూడా కొలవాలి, ఇది చాలామంది వదిలేస్తారు. రెండూ ఒకేలా తగ్గితే కారణం చాలావరకు వానలే. దగ్గరిది మాత్రమే తగ్గితే క్వారీని అనుమానించాలి.

వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి నీటి పరీక్ష చేయించండి. బోరు పది నిమిషాలు నడిపాక, అదే నీటితో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు పట్టి, మరుసటి రోజుకల్లా ఇవ్వాలి. వాగు, చెరువు నీరైతే క్వారీ నీరు కలిసే చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి తీయాలి. లవణ సాంద్రత (ఇ.సి.) 0.75 లోపు ఉంటే మంచిది. 2.25 దాటితే మిరపకు పెట్టవద్దు, పత్తి కొంత తట్టుకుంటుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు.

పర్యావరణ అనుమతి ఉన్న గని ఆరు నెలలకోసారి, జూన్ 1, డిసెంబర్ 1 నాటికి, షరతుల అమలు నివేదిక ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెబుతుంది. అది బహిరంగ పత్రం. ఫిర్యాదు చేసేటప్పుడు దాని అంకెలను మీ పుస్తకంలోని అంకెల పక్కన పెట్టి చూపండి.