దుంగలు లాగిన ఏనుగుల రాత్రులు

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై, లాంపాంగ్ ప్రాంతాలలో నేడు దేశదేశాల సందర్శకులు చూడవస్తున్న ఏనుగుల సంరక్షణ కేంద్రాలు, అంటే సవారీలూ ప్రదర్శనలూ లేకుండా, చాకిరీలో చితికిపోయిన ఏనుగులను కడదాకా పోషించే స్థలాలు, కేవలం జీవకారుణ్యం వల్ల ఏర్పడినవి కావు. శతాబ్దానికి పైగా ఆ కొండ ప్రాంతానికి బతుకుతెరువు చూపిన టేకు వ్యాపారం 1989లో ఒక్కసారిగా ఆగిపోవడం వాటి పుట్టుకకు మూలకారణం కాబట్టి, ఆ వ్యాపారంలో ఏనుగు ఎలా బతికిందో తెలుసుకుంటేనే సంరక్షణ కేంద్రం దానికి ఏమి తిరిగి ఇస్తున్నదో, ఏమి ఇవ్వలేకపోతున్నదో అర్థమవుతుంది.

19వ శతాబ్దపు రెండో సగంలో బోర్నియో కంపెనీ, బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ వంటి బ్రిటిష్ సంస్థలు సియాం (నేటి థాయ్‌లాండ్) రాజ్యపు ఉత్తరాది అడవులలో టేకు నరికే హక్కులు పొందాయి. 1896లో సియాం ప్రభుత్వం అటవీ శాఖను నెలకొల్పి, బర్మా అడవులలో పనిచేసిన హెర్బర్ట్ స్లేడ్ అనే ఆంగ్లేయుణ్ణి దానికి తొలి అధిపతిగా నియమించింది. పచ్చి టేకు నీటిలో తేలదు కనుక, మొదలు చుట్టూ బెరడునూ దాని కింది లేత చెక్కనూ వలయంగా చెక్కివేసి, చెట్టు నిలిచినచోటనే ఎండిపోయేదాకా దాదాపు రెండేళ్లు ఆగి, ఆ తరువాత నరికేవారు. బండి దారి లేని ఆ లోయలలో దుంగను వాగు దాకా ఈడ్చగలిగినది ఏనుగు ఒక్కటే. వానలకు వాగులు పొంగినప్పుడు దుంగలు పింగ్, వాంగ్, యోమ్, నాన్ నదులలోకి కొట్టుకుపోయి, అక్కడ తెప్పలుగా కట్టబడి, ఆ నదుల కలయికతో ఏర్పడిన చావో ఫ్రయా మీదుగా బ్యాంకాక్ కోత మిల్లులకు చేరేవి. దారిలో దుంగలు ఒకదానిమీదొకటి పడి మేటవేస్తే, పోటెత్తుతున్న నీటిలోకి ఏనుగులను దింపి చిక్కు విడదీయించేవారు. ఏనుగుకూ మావటికీ ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న పని ఇదే.

ఈ పనిలో మావటులుగా, ఏనుగుల యజమానులుగా కరెన్ తెగవారు పేరుపొందారు. ఎండ తీవ్రతను ఏనుగు తట్టుకోలేదు కాబట్టి పని ప్రధానంగా ఉదయపు వేళల్లో సాగేది, మండువేసవిలో పూర్తిగా ఆగేది. పని ముగిశాక ముందుకాళ్లకు వదులుగా బంధం వేసి, మెడకు కొయ్య గంట కట్టి, ఏనుగును రాత్రికి అడవిలోకి వదిలేవారు. తెల్లవారుజామున మావటి అడుగుజాడలనూ గంట చప్పుడునూ పట్టుకొని వెతికి తెచ్చుకొనేవాడు. ఇది దయతో చేసిన ఏర్పాటు అనుకోవడం పొరపాటు. రోజుకు 150 కిలోలకు పైగా మేత తినే జంతువును కట్టేసి పోషించడం ఏ శిబిరానికీ సాధ్యం కాదు గనుక ఆ భారాన్ని అడవి మీద వేశారు. అయినా ఏనుగు వైపు నుంచి చూస్తే దాని జీవితంలో సగం ఆ రాత్రులే: తనకు నచ్చిన వెదురునూ గడ్డినీ ఏరుకొనడం, తోటి ఆడ ఏనుగులతో కలిసి తిరగడం, అడవి మగ ఏనుగులతో జతకట్టడం అప్పుడే జరిగేవి.

ఆ వ్యవస్థ క్రూరత్వాన్ని ఈ రాత్రులు కడిగివేయలేవు. గున్నను తల్లి నుంచి విడదీసి, కదలడానికి వీలులేని ఇరుకైన కొయ్య దొడ్డిలో బంధించి, ఆకలితో, దెబ్బలతో లొంగదీసే 'ఫజాన్' అనే పద్ధతి పర్యాటకం కంటే ఎంతో పాతది. చట్టం కూడా ఏనుగును రెండుగా చీల్చింది. అడవి ఏనుగుకు 1921లోనే ప్రత్యేక రక్షణ చట్టం రాగా, మచ్చిక ఏనుగును 1939 నాటి చట్టం గుర్రాలు, ఎద్దులు, దున్నలతో పాటు బరువుమోసే పశువుల జాబితాలో చేర్చింది. అంటే అది యజమాని ఆస్తి. నేటికీ ఏ సంరక్షణ కేంద్రమైనా ఏనుగును విడిపించాలంటే సాధారణంగా దానిని కొనవలసి రావడం ఈ చట్టం ఫలితమే.

1961లో దేశ విస్తీర్ణంలో సగానికి పైగా ఉన్న అడవి 1980ల చివరికి 28 శాతం దరిదాపులకు పడిపోయింది. 1988 నవంబరులో దక్షిణాదిన నఖోన్ సీ తమ్మరాత్ ప్రాంతంలో కుండపోత వానలకు బోడి కొండలు జారి, బురదతో పాటు దుంగలు ఊళ్ల మీద పడి వందల మంది మరణించగా, 1989 జనవరిలో ప్రభుత్వం సహజారణ్యాలలో కలప నరకడాన్ని నిషేధించింది. అడవికి మేలు చేసిన ఆ నిర్ణయంలో ఏనుగులకూ మావటులకూ ప్రత్యామ్నాయం ఏదీ లేదు. కొందరు బ్యాంకాక్ వీధులలో ఏనుగుతో భిక్షాటనకు దిగారు. కొందరు బర్మా సరిహద్దులో దుంగల పనికి వెళ్లారు. ఆ సరిహద్దులోనే 1999లో మొతాలా అనే ఆడ ఏనుగు మందుపాతర తొక్కి ముందుకాలి పాదం పోగొట్టుకుంది. 1993లో లాంపాంగ్‌లో సొరైదా సల్వాలా స్థాపించిన ఏనుగుల ఆసుపత్రి దానికి చికిత్స చేసి, పదేళ్ల తరువాత, 2009లో, కృత్రిమ పాదం అమర్చింది.

ఎక్కువ ఏనుగులు చేరింది మాత్రం పర్యాటక శిబిరాలకే. అక్కడ అంబారీ వచ్చింది, పొట్టి గొలుసు వచ్చింది, వేసవి విరామం పోయింది. మేత కొని తెచ్చి వేసే చోట ఏనుగును రాత్రి అడవిలోకి వదలవలసిన అవసరమూ పోయింది. వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థ భారతదేశంతో సహా ఆసియా దేశాలలో దాదాపు 3,000 పర్యాటక ఏనుగులను పరిశీలించి 2017లో వెలువరించిన నివేదిక, వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా తీవ్రమైన దుస్థితిలో ఉన్నట్టు తేల్చింది. దుంగల శిబిరం కంటే సవారీ శిబిరం మెత్తని చోటని భావించేవారు ఈ రాత్రుల నష్టాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

సైంగ్‌దుయన్ చైలెర్ట్ 1990లలో స్థాపించి, తరువాత చియాంగ్ మై ప్రాంతంలోని మే తేంగ్ లోయలో స్థిరపరిచిన ఎలిఫెంట్ నేచర్ పార్క్ ఈ పరిస్థితికి ఎదురునిలిచిన ప్రయత్నాలలో ప్రసిద్ధమైనది. గుడ్డివి, కుంటివి, నడుము విరిగినవి అక్కడ రక్తసంబంధం లేకున్నా ఒకదానినొకటి ఎంచుకొని చిన్న గుంపులుగా జీవిస్తున్నాయి. అయితే సంరక్షణ కేంద్రం అన్న పేరు ఎవరైనా పెట్టుకోగలిగినదే కావడంతో, సవారీ మాని స్నానం చేయించడాన్ని అమ్మే శిబిరాలూ ఆ పేరుతోనే వెలిశాయి. రోజంతా కొత్త మనుషుల గుంపులతో నీటిలోకి దిగడం ఏనుగు తన ఇష్టంతో చేసే పని కాదు. 2025 జనవరిలో దక్షిణ థాయ్‌లాండ్‌లోని ఒక కేంద్రంలో ఏనుగుకు స్నానం చేయిస్తూ ఒక స్పెయిన్ యువతి ప్రాణం కోల్పోయింది. కాబట్టి సందర్శకుడు అడగదగిన మొదటి ప్రశ్న పగటి కార్యక్రమాన్ని గురించినది కాదు: సందర్శకులు వెళ్లిపోయాక ఏనుగు ఎక్కడ ఉంటుంది, ఎంత దూరం నడవగలదు, ఎవరితో ఉంటుంది?

ఉత్తమమైన కేంద్రానికి కూడా ఈ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఒకనాటి టేకు అడవులలో చాలా భాగం పొలాలుగా, ఊళ్లుగా మారిపోయింది. మిగిలిన నదీతీరపు భూములకూ భద్రత తక్కువ. 2024 అక్టోబరు వరదలలో ఎలిఫెంట్ నేచర్ పార్క్‌లోనే రెండు ఏనుగులు మరణించాయి. 2020లో కోవిడ్ వల్ల సందర్శకుల రాక ఆగి శిబిరాలు మూతపడినప్పుడు, వందకు పైగా ఏనుగులను మావటులు చియాంగ్ మై పరిసరాల నుంచి మే చేమ్ కొండలలోని తమ కరెన్ గ్రామాలకు నడిపించుకుపోయారు. అక్కడ అవి పొలాల అంచులలో, సామూహిక అడవిలో మేశాయి, మేత ఖర్చు తగ్గింది. కానీ మావటికి జీతమిచ్చే వారెవరూ ఆ గ్రామాలలో లేరు, పర్యాటకం తిరిగి మొదలయ్యాక మళ్లీ శిబిరాల దారి పట్టినవారు ఉన్నారు. ఏనుగును అడవి అంచున ఉంచి, మావటికి అక్కడే జీతం అందేలా చేసే ఏర్పాటు ఇప్పటికి కొద్దిపాటి గ్రామాలలోనే, అదీ విరాళాల మీద ఆధారపడి నడుస్తున్నది.