మనస్సుకు రంగు పట్టించు మాట

పిల్లలలో సద్గుణములు నాటవలెనని పెద్దలందరు చెప్పుదురు. ఆ నాటుట ఎట్టిదో విచారించువారు తక్కువ. ఇంగ్లీషులో ఈ పనికి వాడు మూడు క్రియలను పరిశీలించినచో, మూడు బోధనా మార్గములు కనబడును. మూడును లాటిను భాష నుండి వచ్చినవే.

మొదటిది ‘ఇన్‌కల్కేట్’. దీనికి మూలము మడమ అను అర్థము గల పదము. మడమతో త్రొక్కి లోనికి దిగగొట్టుట దీని తొలి భావము. రెండవది ‘ఇన్‌స్టిల్’, అనగా బొట్టుబొట్టుగా విడుచుట. మూడవది ‘ఇంబ్యూ’. తడుపుట, నానబెట్టుట, రంగు పట్టించుట దీని పూర్వార్థములు. ఇంగ్లీషున చేరిన ఈ మాట, నేడు ముఖ్యముగా మనస్సుకు గుణము పట్టుటను తెలుపుచున్నది.

వాడుకలోను ఒక భేదమున్నది. మొదటి రెండు క్రియలకు గుణము కర్మ. ధైర్యమును బాలునిలో దింపుదురు. ‘ఇంబ్యూ’కు మనిషియే కర్మ, బాలుని ధైర్యములో ముంచుదురు.

క్రీస్తుపూర్వపు రోమను కవి హొరేసు, కొత్త కుండకు తొలుత పట్టిన వాసన చిరకాలము నిలుచునని చెప్పుచు ఈ క్రియనే వాడెను. మన శాస్త్రకారులును పూర్వసంస్కారమునకు ‘వాసన’ అనియే పేరు పెట్టిరి. తెలుగువారి ‘నూరిపోయుట’ వైద్యుని కల్వము నుండి, ‘పాదుకొల్పుట’ తోటమాలి పాదు నుండి వచ్చినవి.

1835లో మెకాలే తన నివేదికలో, రక్తమున భారతీయులై, అభిరుచులలో, అభిప్రాయములలో, నీతిలో ఆంగ్లేయులగు ఒక వర్గమును తయారుచేయవలెనని కోరెను. ఒక జాతిని వేరొక రంగులో ముంచుటయే ఆయన ఆశయము. కాని 1885లో బొంబాయిలో కూడిన తొలి కాంగ్రెసు సభకు వచ్చినవారిలో పెక్కురు ఆ చదువు చదివినవారే. తమ పాలనలో తమకు పాలు కావలెనని వారు ఆ ఇంగ్లీషులోనే అడిగిరి.

రంగు ఎందుకు మారినది? దీనికి మన మచిలీపట్నపు కలంకారీ పనివారు సమాధానము చెప్పగలరు. వారు గుడ్డను ముందుగా కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండనిత్తురు. పిమ్మట పటిక అద్ది, ఎర్రరంగు తొట్టిలో ఉడికింతురు. తొట్టిలో మునుగునది గుడ్డ యంతయు. ఎరుపు గట్టిగా నిలుచునది పటిక పట్టినచోటనే. రంగు వేయువాని ఇచ్ఛ ఒక్కటే చాలదు. గుడ్డలో ముందు చేరియున్నదానిని బట్టి ఫలితము ఏర్పడును.

మన ఇండ్లలోని పసివారి విషయమును ఇంతే. పాఠశాలలో ఎంత మంచి రంగున్నను, దానిని పట్టి నిలుపు పటిక ఇంటనే దొరకవలెను. అసత్యమాడరాదని బోధించిన తండ్రి, వాకిట నిలిచిన అప్పులవానికి తాను ఇంట లేనని పిల్లవానిచేతనే చెప్పించినచో, ఆ బోధ ఒక్క ఉతుకునకే వెలిసిపోవును.