అబల పిడికిలి

అమరకోశంలో స్త్రీకి చెప్పిన పర్యాయపదాలలో ‘అబల’ ఒకటి. బలము లేనిది అని వ్యుత్పత్తి. తెలుగు పండితుడిగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ మాటను పిల్లలచేత వల్లె వేయించాను. ఒకనాడు వెనుక బల్ల నుంచి ఒక అమ్మాయి లేచి, “సార్, మా అమ్మ వడ్ల బస్తా ఎత్తుతది. ఆమె అబల ఎట్లయితది?” అని అడిగింది. “అది కవిసమయం తల్లీ, కూర్చో” అన్నాను. నేను చెప్పింది జవాబు కాదని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. స్త్రీల ముష్టియుద్ధ చరిత్ర చదువుతున్నప్పుడు ఆ పిల్ల ప్రశ్న మళ్ళీ గుర్తుకు వచ్చింది.

1722లో లండనులో ఎలిజబెత్ విల్కిన్సన్ అనే స్త్రీ హన్నా హైఫీల్డ్ అనే మరొక స్త్రీని పోటీకి పిలుస్తూ పత్రికలో ప్రకటన వేయించింది. పందెం మూడు గినీలు. ఇద్దరూ చేతికొక అర క్రౌను నాణెం పట్టుకుని పోరాడాలి. ఎవరి నాణెం ముందు జారిపడితే వారు ఓడినట్లు. గోళ్ళతో రక్కడం, జుట్టు పట్టి లాగడం కుదరకుండా ఈ నియమమని చరిత్రకారులు వివరిస్తారు. సంస్కృతంలో ‘ముష్టి’ అంటే పిడికిలి. తెలుగులో అదే మాటకు భిక్ష అనే అర్థమూ ఉంది. ఈమె ముష్టి మాత్రం అడిగే చేయి కాదు, సంపాదించుకునే చేయి.

దాదాపు మూడు వందల ఏళ్ళ క్రితమే ఇలా పోరాడినవారికి, బ్రిటన్ ఔత్సాహిక బాక్సింగ్ సంఘం తలుపు తెరిచింది 1996లో! వృత్తి క్రీడాకారిణి జేన్ కౌచ్‌కు లైసెన్సు నిరాకరిస్తూ, నెలసరి ముందు స్త్రీలకు మనసు నిలకడగా ఉండదని వాదించారు. ఆమె న్యాయపోరాటం చేసి 1998లో గెలిచింది.

ఆరోగ్యం, రక్షణ అని పైకి ఎన్ని కారణాలు చెప్పినా, అడుగున ఉన్న భయం ముఖం గురించే అని నాకు తోస్తుంది. మణిపురి రైతుబిడ్డ మేరీ కోమ్ ఇంట్లో చెప్పకుండా సాధన చేసింది. 2000లో రాష్ట్రస్థాయిలో గెలిచినప్పుడు పత్రికలో బొమ్మ చూసి తండ్రికి తెలిసింది. ముఖం చెడితే పెళ్ళి కాదని ఆయన దిగులు. ఆమెకు పెళ్ళీ అయింది, 2007లో కవలలూ పుట్టారు, 2008లో మళ్ళీ ప్రపంచ టైటిలూ వచ్చింది. మొత్తం ఆరు టైటిళ్ళు.

గెలిచినా సౌందర్యం పన్ను తప్పదు. 2010 ప్రపంచ పోటీల వేళ, టీవీలో మగవారికీ ఆడవారికీ తేడా తెలియడం లేదంటూ అంతర్జాతీయ సంఘం క్రీడాకారిణులకు స్కర్టులు ప్రతిపాదించింది. విమర్శలు చెలరేగాక ధరించడం ఐచ్ఛికమైంది. ఇది చదివినప్పుడు నాకు పోతన సత్యభామ జ్ఞాపకం వచ్చింది. నరకునితో యుద్ధంలో ఆమె ముఖం శత్రువుకు వీరాన్ని చూపుతూనే కృష్ణునికి శృంగారాన్ని చూపుతుంది. ఆ ఘట్టాన్ని ఎన్నోసార్లు తన్మయుడనై చెప్పాను. బాణం వేస్తున్న స్త్రీ కూడా ఎవరో ఒకరి కంటికి ఇంపుగా కనబడాలన్న షరతు అందులో ఉందని అప్పుడు తట్టలేదు. పద్యం మీద ప్రేమ తగ్గలేదు. చదివే కన్ను మాత్రం మారింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు మొదటిసారి మూడు బరువు విభాగాల్లో పోటీలు పెట్టారు. పురుషులకు పది. తొలి స్వర్ణం ఇంగ్లండు యువతి నికోలా ఆడమ్స్‌ది. అదే 51 కిలోల విభాగంలో మేరీ కోమ్‌కు కాంస్యం.

ఇక మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్. నిక్కరు వేసుకుని ఆటలేమిటని బంధువులు, దెబ్బలు తిన్న ముఖం చూసి దీన్నెవరు చేసుకుంటారని కన్నతల్లి బాధపడ్డారు. తండ్రి వెంట నిలిచాడు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ఆమె థాయిలాండ్ క్రీడాకారిణిని 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో మరోసారి.

అమరకోశాన్ని దిద్దే అధికారం నాకు లేదు, అక్కరా లేదు. కానీ మళ్ళీ తరగతిలో నిలబడే యోగముంటే ‘అబల’ దగ్గర ఆగి, ఆ అమ్మాయిని లేపి, “నీ ప్రశ్న సరైనదమ్మా, నా జవాబే తప్పు” అని అందరి ముందూ చెబుతాను. వడ్ల బస్తా ఎత్తే ఆ తల్లికి అది ఎప్పుడో తెలిసే ఉంటుంది.