రాక్షసుణ్ణి చంపే గుట్టు ఎవరు చెప్పారు?

తిరువూరు నుంచి మళ్ళీ వచ్చేశా. ఇవాళ రెండు పాత కథలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది గ్రీకు కథ. క్రీట్ ద్వీపంలో మినోటార్ అనే రాక్షసుడు ఉండేవాడు. ఎద్దు తల, మనిషి ఒళ్ళు. వాడికి ఆహారంగా ఏథెన్స్ నగరం ఏడుగురు అబ్బాయిల్ని, ఏడుగురు అమ్మాయిల్ని పంపాలి. మన బకాసురుడు గుర్తొస్తున్నాడు కదా? థీసియస్ అనే వీరుడు వాణ్ణి చంపాడు. కానీ వాడుండేది లోపలికెళ్తే తిరిగి రాలేని చిక్కుదారుల కోట. బయటపడటానికి దారపు ఉండ ఇచ్చింది రాకుమారి అరియాడ్నీ. ఆ మేలు పొందిన థీసియస్ ఏం చేశాడు? ఆమెను నాక్సోస్ దీవిలో వదిలేసి వెళ్ళిపోయాడు!

రెండోది మన బుర్రకథల బాలనాగమ్మ. మాయల ఫకీరు ఎత్తుకుపోతే, వ్రతం ఉందని చెప్పి ఏళ్ళ తరబడి వాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. వాడి ప్రాణం ఎక్కడో సముద్రాల అవతల చిలకలో ఉందని కూపీ లాగింది. ఆ గుట్టు పట్టుకునే కొడుకు బాలవర్ధి చిలకను తెచ్చి వాణ్ణి చంపాడు. 1942లో జెమినీ వాళ్ళు దీన్ని సినిమాగా తీశారు. బాలనాగమ్మ వేషం కాంచనమాలది.

రెండు కథల్లోనూ చంపింది మగాడే, దారి చూపింది ఆడమనిషే. గ్రీకు కథను లోకం థీసియస్ పేరుతో చెప్పుకుంటోంది. మనవాళ్ళు మాత్రం కథకు బాలనాగమ్మ పేరే పెట్టారు. చదువూ కత్తీ లేని పల్లె జనం ఆ న్యాయం చేశారు.

ఇకపై ఎవరైనా హీరో కథ చెబితే, దారం ఎవరిచ్చారో కూడా అడగండి. ఉంటా మరి!