మౌనం ఎంతవరకు సాక్ష్యం? – కెర్నెల్ లాక్‌లకు ఒత్తిడి పరీక్ష

నారాయణపేట జిల్లా మక్తల్ మీదుగా దేవరకద్ర నుంచి కృష్ణా స్టేషన్‌కు వెళ్లే రైలు మార్గం ఒంటి లైను. అందులో జక్లేర్–కృష్ణ మధ్య 37 కిలోమీటర్ల భాగాన్ని 2023 అక్టోబరు 1న జాతికి అంకితం చేశారు. ఒంటి లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఉన్న ట్రాక్ ఒక సమయంలో ఒక్క బండికే చెందాలి. రెండో బండికి అటువైపు నుంచైనా, ఇటువైపు నుంచైనా అనుమతి దొరకకూడదు. కంప్యూటర్ శాస్త్రంలో ‘పరస్పర మినహాయింపు’ అని పాఠం చెప్పేది ఈ నియమాన్నే. 1960లలో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఈ నియమం కోసం రూపొందించిన సెమాఫోర్ కూడా రైల్వే సిగ్నల్ నుంచే పేరు తెచ్చుకుంది. ఈ వ్యాసం పరిశీలించేది నియమాన్ని కాదు. నియమాన్ని అమలుచేసే యంత్రాంగం నిజంగా పనిచేస్తోందని మనకెలా తెలుస్తుంది అన్న ప్రశ్నను.

ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నెల్. ఒక ఫైలును ఎంతమంది వాడుతున్నారో అది లెక్క పెట్టుకుంటుంది. లెక్క 41 దగ్గర ఉందనుకుందాం. కొత్త వాడకందారు వచ్చినప్పుడు ప్రాసెసర్ మూడు పనులు చేస్తుంది: 41ని చదువుతుంది, ఒకటి కలుపుతుంది, 42ని తిరిగి రాస్తుంది. సరిగ్గా ఆ మధ్యలోనే ప్రాసెసర్‌లోని ఇంకో కోర్ కూడా 41నే చదివితే ఇద్దరు వచ్చినా లెక్క 42 దగ్గరే ఆగిపోతుంది. తర్వాత అందరూ వెళ్లిపోకముందే లెక్క సున్నాకు చేరుతుంది. ఇంకా వాడుకలో ఉన్న మెమరీని కెర్నెల్ వేరొకరికి ఇచ్చేస్తుంది. ఫలితం ఒకరోజు యంత్రం ఆగిపోవడం కావచ్చు, ఒకరి సమాచారం ఇంకొకరి చేతికి చిక్కడం కావచ్చు. దీన్ని ఆపడానికే లాక్.

1996లో వచ్చిన లినక్స్ 2.0 కెర్నెల్ మొత్తానికి ఒకే పెద్ద లాక్ ఉండేది. ఎన్ని ప్రాసెసర్లున్నా కెర్నెల్‌లోకి ఒక్కరికే ప్రవేశం. వేగం కోసం దాన్ని ముక్కలు చేస్తూ పోయారు. 2011 నాటికి ఆ పెద్ద లాక్ పూర్తిగా కనుమరుగైంది. ఇప్పుడు కెర్నెల్‌లో దొరికేదాకా తిరుగుతూ కాచుకునే స్పిన్‌లాక్‌లు, నిద్రపోతూ కాచుకునే మ్యూటెక్స్‌లు, చదివేవారికి, రాసేవారికి వేర్వేరు హక్కులిచ్చే లాక్‌లు, అసలు లాక్ లేకుండానే చదవనిచ్చే ఆర్‌సీయూ – ఇన్ని రకాలున్నాయి. లాక్ సన్నబడే కొద్దీ వేగం పెరిగింది. దాంతోపాటే సంఘటనలు ఏ వరుసలో జరగొచ్చో ఆ వరుసల సంఖ్య ఊహకు అందనంత పెరిగింది.

సాధారణ పరీక్ష ఇక్కడే విఫలమవుతుంది. మామూలు వాడకంలో ఎదురయ్యే వరుసలే దానికీ ఎదురవుతాయి, అరుదైనవి అరుదుగానే మిగిలిపోతాయి. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య ప్రాంతంలో, కెనడాలోని కొంత భాగంలో కలిపి సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఆ పతనానికి దారితీసిన కారణాల్లో విద్యుత్ నియంత్రణ కేంద్రంలోని హెచ్చరికల సాఫ్ట్‌వేర్ మూగబోవడం ఒకటి. అందులో దాగిన రేస్ కండిషన్ (సంఘటనల వరుసను బట్టి బయటపడే తప్పు) అంతకుముందు వేర్వేరు చోట్ల కలిపి 30 లక్షల గంటలకు పైగా నడిచినా ఒక్కసారి కూడా బయటపడలేదని తయారీదారులే చెప్పారు. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కథ నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. తక్కువ ప్రాధాన్యమున్న పని ఒకటి లాక్‌ను పట్టుకుని ఉండగా, మధ్యస్థాయి పని దాన్ని పక్కకు నెట్టింది. ఆ లాక్ కోసం కాచుకున్న అత్యవసర పని గడువు దాటింది, యంత్రం పదేపదే రీసెట్ అయింది. భూమ్మీద పరీక్షల్లోనూ ఆ లోపం తొంగిచూసింది. కానీ మళ్లీ రప్పించాలని ప్రయత్నిస్తే రాలేదు. ఆ ఇంజనీర్లు అజాగ్రత్త మనుషులు కారు. ఒకసారి కనిపించిన తప్పును కోరినప్పుడు మళ్లీ రప్పించే సాధనం వారి చేతిలో లేదు. ఒత్తిడి పరీక్ష తీర్చవలసిన లోటు అదే.

అందుకే ఒత్తిడి అంటే బరువు అనుకోవడం పొరపాటు. ప్రాసెసర్‌ను నూరు శాతం పనిలో ముంచితే చాలని చాలామంది అనుకుంటారు. అలా ముంచినా అన్ని థ్రెడ్‌లూ (ఏకకాలంలో నడిచే పనులు) ఒకే లయలో పడిపోతే ఒకే వరుస వేలసార్లు తిరిగొస్తుంది, కొత్తది ఒక్కటీ రాదు. కావలసింది లయను చెడగొట్టడం. లినక్స్‌లో 2014లో చేరిన ‘లాక్‌టార్చర్’ అనే మాడ్యూల్ చేసేది ఇదే. ఆర్‌సీయూ కోసం కెర్నెల్ డెవలపర్ పాల్ మెక్‌కెన్నీ 2005లో తెచ్చిన ‘ఆర్‌సీయూటార్చర్’ దీనికి మాతృక.

దాని నడక చూద్దాం. వేరే సంఖ్య చెప్పకపోతే అది యంత్రంలో ఉన్న కోర్‌లకు రెట్టింపు సంఖ్యలో రాసే థ్రెడ్‌లను పుట్టిస్తుంది. నాలుగు కోర్‌ల ల్యాప్‌టాప్‌లో ఎనిమిది థ్రెడ్‌లు ఒకే లాక్ కోసం కొట్లాడతాయన్నమాట. కోర్‌లకంటే థ్రెడ్‌లు ఎక్కువ కావడం వల్ల, మ్యూటెక్స్ లాంటి లాక్‌ల పరీక్షలో లాక్ పట్టుకున్నవాడిని మధ్యలో ఆపి ఇంకొకరికి కోర్ ఇవ్వవలసిన పరిస్థితి తరచూ వస్తుంది. స్పిన్‌లాక్ పరీక్షలో లాక్ దొరికిన థ్రెడ్ మామూలుగా దాన్ని వెంటనే గానీ, రెండు మైక్రోసెకన్లు ఆగి గానీ వదిలేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం 100 మిల్లీసెకన్లు పట్టుకుని కూర్చుంటుంది. కెర్నెల్ కాలమానంలో అది యుగం. ఆ యుగంలో మిగతా థ్రెడ్‌లన్నీ వరుసలో చేరతాయి. విడుదలైన క్షణంలో అందరూ ఒక్కసారి మీద పడినప్పుడు, ఎవరి వంతు ఎవరికి వెళ్తుందన్నది అసలు పరీక్ష. మూడు సెకన్లకోసారి థ్రెడ్‌లను వేరే కోర్‌లకు తరలిస్తుంది. సుమారు ఐదు సెకన్లు నడిపి, అంతే సేపు అన్నిటినీ నిలిపి, మళ్లీ ఒక్కసారిగా వదులుతుంది. కోరితే నడుస్తున్న కోర్‌లనే ఆపి, తిరిగి లేపుతుంది కూడా. వీటిలో చాలాచోట్ల యాదృచ్ఛికత ఉంది. తప్పు ఏ క్షణంలో దాక్కుందో మనకు తెలియదు కాబట్టి ఆ క్షణాన్ని మనం ఎంచుకోకూడదు.

తప్పును పట్టే పద్ధతి మాత్రం చాలా సాదా. లాక్ దొరికిన ప్రతి రాసే థ్రెడ్ ముందుగా ఒక గుర్తును చూస్తుంది. అది అప్పటికే పెట్టి ఉంటే లోపల ఇంకొకరున్నారని అర్థం. వైఫల్యాల లెక్కలో ఒకటి కలుస్తుంది. లేకపోతే తానే గుర్తు పెట్టి, వదిలేముందు తీసేస్తుంది. ప్రతి అరవై సెకన్లకు ఒక నివేదిక వస్తుంది. అందులో వైఫల్యాల గడి సున్నా ఉండాలి. ఈ సాదాతనం మంచిదే. పరీక్షించే కోడ్ జటిలమైతే దానికీ ఒక పరీక్ష కావలసి వస్తుంది. తప్పు ఎక్కడుందో చూద్దామని మధ్యలో ప్రింట్ వాక్యాలు చొప్పించే అలవాటు మన విద్యార్థుల్లో బలంగా ఉంది. ఆ ప్రింట్‌కు పట్టే సమయమే వరుసను మార్చేసి, వెతుకుతున్న తప్పును మాయం చేస్తుంది.

ఈ మాడ్యూల్‌లో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది ఒక దొంగ లాక్. పరీక్షించగల లాక్ రకాల జాబితాలో ‘లాక్ బస్టెడ్’ అనేది ఒకటుంది. అది ఏమీ చేయదు, అడిగిన ప్రతివాడికీ ప్రవేశం ఇస్తుంది. అసలు లాక్‌ను పరీక్షించే ముందు దీన్ని పెట్టి నడపాలి. వైఫల్యాల గడి సున్నా దాటకపోతే పరీక్షే గుడ్డిదని తేలుతుంది. తప్పును పట్టగలదని రుజువు కాని పరీక్ష మౌనంగా ముగిస్తే, ఆ మౌనానికి సాక్ష్యంగా విలువ లేదు. రైల్వేలోనూ ఇదే క్రమశిక్షణ ఉంది. 2022 మార్చి 4న లింగంపల్లి–వికారాబాద్ సెక్షన్‌లో, గుల్లగూడ–చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య, రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థను పరీక్షించడానికి ఒకే ట్రాక్ మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపించారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి ఉన్నారు. ఆ ఇంజన్ రెండోదానికి 380 మీటర్ల దూరంలో దానంతటదే ఆగింది. బళ్లు ఢీకొనలేదన్న రోజువారీ రికార్డు ఈ నమ్మకాన్ని ఇవ్వలేదు. ప్రమాదాన్ని కావాలని సృష్టించి చూపడం ఇచ్చింది.

ఇక ఎంతసేపు నడపాలి? ఇక్కడ అంచనా చాలదు, లెక్క కావాలి. పదిసార్లు నడిపితే ఒకసారి బయటపడే తప్పును సరిచేశామనుకుందాం. తర్వాత పదిసార్లు నడిపాం, ఒక్కసారీ రాలేదు. సరైపోయిందని ఊపిరి పీల్చుకోవచ్చా? 0.9ని పదిసార్లు గుణిస్తే 0.35 వస్తుంది. అంటే దిద్దుబాటు ఏమీ చేయకపోయినా ఇలాంటి మౌనం దొరికే అవకాశం 35 శాతం. 99 శాతం నమ్మకం కావాలంటే వరుసగా 44 సార్లు శుభ్రంగా నడవాలి. గంటల్లో చెప్పాలంటే, తప్పు రేటు వంద గంటలకు ఒకటి కంటే తక్కువని 95 శాతం నమ్మకంతో అనాలంటే మూడు వందల గంటల మౌనం కావాలి. ఇప్పుడు మక్తల్ మార్కెట్ యార్డులో రైతుల చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లను తలచుకోండి. వాటన్నిటిలో ఉన్నది లినక్స్ కెర్నెలే. ఒక్కో యంత్రంలో పది లక్షల ఏళ్లకు ఒకసారి వచ్చే తప్పు కూడా, వంద కోట్ల యంత్రాల మీద రోజుకు దాదాపు మూడుసార్లు ఎక్కడో ఒకచోట వస్తుంది. ఆ అరుదును గంటల్లోకి కుదించడమే ఒత్తిడి పరీక్ష పని.

పరిమితులున్నాయి. మొదటిది హార్డ్‌వేర్. మన ల్యాబుల్లో ఎక్కువగా ఉండే ఎక్స్86 ప్రాసెసర్లు మెమరీ రాతల వరుసను చాలావరకు కాపాడతాయి. ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లు అంత కాపాడవు. ల్యాబులో నెలలు నడిచిన లాక్ ఫోనులో తొలి వారమే తప్పవచ్చు. రెండోది ఇంకా లోతైనది. ఈ పరీక్ష లాక్‌నే పరీక్షిస్తుంది, లాక్‌ను వాడిన తీరును కాదు. 2016 అక్టోబరులో బయటపడ్డ ‘డర్టీ కౌ’ లోపంలో లాక్‌లు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. చదవడానికే అనుమతి ఉన్న పేజీకి నకలు తీసే తర్కంలో ఉన్న సందులోంచి దాడి జరిగింది. పదకొండేళ్ల ముందే దిద్దబోయి వెనక్కి తీసుకున్న తప్పు అదని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా రాశారు. ఒకనాడు కాగితం మీదే సాధ్యమనుకున్న రేస్, కెర్నెల్ మెరుగుపడే కొద్దీ చేతికందేంత సులువైంది.

అందుచేత ఒక్క పరికరాన్ని నమ్ముకోకూడదు. 2006లో ఇంగో మోల్నార్ తెచ్చిన ‘లాక్‌డెప్’ లాక్‌లను ఏ వరుసలో పట్టుకుంటున్నారో గమనించి, డెడ్‌లాక్ (ఒకరి లాక్ కోసం ఒకరు కాచుకుని అందరూ నిలిచిపోవడం) జరగకముందే దాని అవకాశాన్ని చెబుతుంది. 2020లో చేరిన ‘కేసీశాన్’ లాక్ లేకుండా ఒకే మెమరీని తాకే ఇద్దరిని పట్టుకుంటుంది. 2010లో వచ్చిన సంభావ్యతా షెడ్యూలింగ్ పద్ధతి, థ్రెడ్‌ల సంఖ్య, అడుగుల సంఖ్య, తప్పు లోతు (అది బయటపడటానికి కుదరవలసిన వరుసల సంఖ్య) తెలిస్తే ఒక్క పరుగులో దాన్ని పట్టే అవకాశానికి గణిత హామీ ఇస్తుంది. లాక్‌టార్చర్ నడుస్తున్నప్పుడే లాక్‌డెప్‌నూ తెరిచి ఉంచడం ఉత్తమమని నా అభిప్రాయం. మొదటిది అరుదైన దారులు తొక్కిస్తుంది, రెండోది ఆ దారుల్లోని గుంతలను నమోదు చేస్తుంది.

పాలమూరు విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. సెమాఫోర్ ప్రోగ్రామ్ రాయించి, సరైన జవాబు రాగానే రికార్డు మీద సంతకం పెట్టే పద్ధతి మార్చండి. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఒక లినక్స్ కెర్నెల్‌ను, వీలైతే ఒక చిన్న ఆర్మ్ బోర్డు మీద ఇంకొకదాన్ని నడిపించండి. ముందు దొంగ లాక్‌తో వైఫల్యాలను చూపించమనండి, తర్వాతే అసలు లాక్ ఫలితాన్ని అంగీకరించండి. వీటన్నిటికీ కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.