కొణతము – వారసత్వము

ఆంగ్లమున 'ఎయిర్‌లూమ్' అను పదమందలి 'లూమ్' నేడు మగ్గమునకు పేరు; పూర్వము పనిముట్టు అనియే యర్థము. పాత ఆంగ్లన్యాయమున నట్టి వస్తువు తక్కిన చరాస్తితో గలియక, యింటితోపాటు వారసునకే చెందెడిది. దీనిని 'పిత్రార్జిత' మని తెనిగించుట మాకు సమ్మతము కాదు. పిత్రార్జితము దాయాదులు పంచుకొను సొత్తు.

పల్నాటి కొణతము దీనికి మిక్కిలి చేరువ. 12వ శతాబ్దినాటి పల్నాటివీరుల యాయుధములుగా నెంచబడు కొణతములను వీరాచారవంతులు తరతరములుగా గాపాడుచు, ఏటేట కార్తిక అమావాస్యకు కారెంపూడి తెచ్చి, నాగులేట స్నానము చేయించి, ఐదుదినముల యుత్సవమున గొలుచుచున్నారు. కావున కొణతము గల వంశము దానికి యజమాని గాదు, సేవకమాత్రమని మేము తలంచుచున్నాము. కొలుపు మానినచో ఆయుధము మిగులునేమో గాని వారసత్వము మిగులదు.