టాసిటస్ చెప్పిన నీతి

చరిత్ర యనగా రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు మాత్రమే యని మెట్రిక్యులేషను నాడు మేము తలచితిమి. ఉద్యోగ విరమణానంతరము తీరిక చిక్కి, రోమను చరిత్రకారుడగు టాసిటస్ గ్రంథములను ఆంగ్లానువాదమున చదివిన పిదప ఆ తలంపు మారినది.

టాసిటస్ క్రీ. శ. 56 ప్రాంతమున జన్మించెను. డొమీషియను చక్రవర్తి నిరంకుశ పాలన (81-96) యందు ఉద్యోగములు చేసి, 97లో కాన్సలు పదవి నందెను. 98లో తన మామగారగు అగ్రికోలా జీవితమును వ్రాయుచు, ఆ దుర్దినములలో జరిగిన అన్యాయములందు తమవంటివారి మౌనమునకును పాలు కలదని దాచక ఒప్పుకొనెను. ఇతరుల తప్పు లెన్నుటకు ముందు తన తప్పు చెప్పుకొన్నవాని మాటకు బరువెక్కువ.

రాజ్యము చెడినకొలది శాసనముల సంఖ్య పెరుగునని ఆయన గ్రహించెను. దుష్ప్రభువుల క్రిందను సత్పురుషులు మనగలరని మామగారి నడవడిచే నిరూపించెను. తాము కీడు చేసినవానినే ద్వేషించుట మానవ స్వభావమనియు ఆయన అభిప్రాయము. ఇది మాకు స్వానుభవమే. గుమాస్తాగా నున్నప్పుడు మేము చేసిన లెక్కతప్పు ఒక సహోద్యోగి మీదికి పోగా, మేము పెదవి విప్పలేదు. అటుపై ఆయన కనబడినప్పుడెల్ల మాకే కోపము వచ్చెడిది. అపకారమును మాదే, ఆగ్రహమును మాదే!

క్రీ. శ. 25లో క్రెమూషియస్ కార్డస్ అను చరిత్రకారుడు, సీజరును చంపిన బ్రూటసును ప్రశంసించెనని నేరారోపణకు గురియై, నిరాహారుడై ప్రాణములు విడిచెను. సెనేటు అతని గ్రంథములను కాల్పించెను. అయినను కుమార్తె మార్షియా మొదలగువారు దాచిన ప్రతులు తరువాత వెలికి వచ్చినవి. నేటి అధికారముచే రేపటి జ్ఞాపకమును చెరుపజూచువారి అవివేకమును టాసిటస్ పరిహసించెను.

కాని ఆయన గ్రంథములకే పూర్ణాయుష్షు లేకపోయినది. 'అన్నల్స్' మొదటి భాగము తొమ్మిదవ శతాబ్దపు ఒకే వ్రాతప్రతి వలనను, కడపటి భాగము పదునొకండవ శతాబ్దపు మరియొక ప్రతి వలనను దక్కినవి. నడుమ నాలుగు సంపుటములు పూర్తిగా నశించినవి. మిగిలినది పేరు తెలియని లేఖకుల చలువయే.

పరభాషా ప్రాంతమున తరతరములుగా నున్న మన యిండ్ల పెట్టెలలోను తాతల లేఖలు, తాళపత్రములు, దస్తావేజులు కలవు. వానిని కాల్చుటకు చక్రవర్తి రానక్కరలేదు. చెదలును, మన ఉపేక్షయు చాలును. మార్షియా చేసిన పని మన ఆడపడుచులును, మగపిల్లలును చేయుదురుగాక!